పది నిమిషాల తర్వాతి ఉత్తరం

కంప్యూటర్‌ని తిట్టకూడదని మా సార్ అనేవారు. తిడితే దానికేమీ కాదు, తిట్టినవాళ్ళకే తప్పు ఎక్కడుందో కనపడకుండా పోతుందనేవారు. నేను అలాంటి మాటలు వినే రకం కాదు. పుట్టింది కిరాణా కొట్టు నడిపే ఇంట్లోనే అయినా బేరగాళ్ళ దగ్గర చూపించాల్సిన ఓర్పు నా దాకా రాలేదు, మా నాన్న దగ్గరే ఆగిపోయింది. ఆ వారం నేను ఒక కంప్యూటర్‌ని తిట్టిన తిట్లు మా నాన్న వింటే కొట్టు కట్టేసి కాశీకి పోయుండేవాడు.

అప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక కళాశాలలో పరిశోధన చేస్తున్నాను. పొందూరులో మా ఇంటి నుంచి రోజూ వెళ్ళి వచ్చేదాన్ని. మేడ మీద చివరి గది మాది. అందులో ఒక పెద్ద కంప్యూటర్, ఒక బల్ల, తలుపు వెనక చీపురు, కిటికీలో పావురాలు. సార్‌కి బల్ల, నాకు కంప్యూటర్. ఉదయం గది తాళం తీసి ఊడ్చి, వేళకి టీ తెచ్చిపెట్టే ఆవిడ ఒకామె ఉండేది. మా వైపు అక్కని పిలిచినట్టు ఆమెని అందరం అప్పా అని పిలిచేవాళ్ళం.

సార్‌ది ఒకటే ప్రశ్న. మా జిల్లాలో ఏరు సముద్రంలో కలిసే చోట ఎండాకాలం వచ్చేసరికి ఇసుక మేటవేసి నోరు మూసుకుపోతుంది. లోపలి పడవలు లోపలే, బయటివి బయటే. ఆ ఇసుక ఎక్కడిది? కొండల్లోంచి ఏరు మోసుకొచ్చిందా, ఒడ్డు వెంబడి సముద్రం తోసుకొచ్చిందా? ఏరుదే అనేవారు సార్. పాతికేళ్ళకు పైగా పాఠంలో అదే చెప్పారు. ఎమ్మెస్సీలో నేనూ అదే రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అయితే సార్ నిజాయితీ గల మనిషి. పాఠం చెప్పడం వేరు, రుజువు చూపించడం వేరు అని క్లాసులోనే ఒప్పుకునేవారు.

ఆ రుజువు కోసమే ఆయన వయసులో ఉండగా ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. ఏటి నోటిని చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో నీళ్ళెంత, ఇసుకెంత, అల ఎటు తోస్తోంది, క్షణక్షణానికీ లెక్క కడుతుంది. రాయడం పూర్తయ్యేసరికి ఆయన జుట్టు నెరిసింది. నడిపే యంత్రం మాత్రం దొరకలేదు. మా గదిలో ఉన్నదాని మీద ఒక ఏడాది ఆటుపోట్లు లెక్క కట్టాలంటే నాలుగైదేళ్ళు ఆపకుండా నడవాలి. మా కరెంటు సంగతి మీకు తెలిసిందే.

అలాంటి రోజుల్లో ఒక పెద్ద గణన కేంద్రం నుంచి ప్రకటన వచ్చింది. చిన్న కళాశాలల వాళ్ళకి తమ పెద్ద యంత్రం మీద కొన్ని గంటలు ఇస్తారట. ఊరికే కాదు. వాళ్ళొక పరీక్ష లెక్క పంపిస్తారు. మీ ప్రోగ్రామ్‌ని లైనక్స్ మీద మీరే కంపైల్ చేసుకుని, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చుకుని, ఆ లెక్క చేయించి, వాళ్ళ దగ్గరున్న జవాబుతో ఐదో దశాంశం దాకా సరిపోయేలా చూపించాలి. చేసిన యంత్రం నుంచే, కళాశాల చిరునామాతో, ఆ ఫలితం ఈమెయిల్‌లో పంపాలి. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఆ అవకాశం మళ్ళీ ఏడాదికి గాని రాదు. సార్ ఆ నెలాఖరుకి పదవీ విరమణ.

ప్రకటన చదివాక సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ చదివారు.

"అమ్మా, ఇది గాని అయితే నేను ఎళ్ళేలోపల తెలుస్తాది," అన్నారు.

ఆయన మొహం అప్పుడెలా ఉందో చూసినదాన్ని కనక, తలకిందులుగా తపస్సు చేసైనా ఈ పని చేసి పెడతానని నాలో నేను ఒట్టేసుకున్నాను.

లైనక్స్ అంటే అప్పటికి నాకు యూట్యూబ్‌లో చూసిన పరిచయమే. గదిలోని పెద్ద కంప్యూటర్‌లో పాతదంతా తుడిచేసి కొత్తది ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో దింపుకుని తెచ్చాను. ఆ రోజు కళాశాలలో నెట్ లేదు. అయినా ఆగుతానా. పెన్‌డ్రైవ్ గుచ్చి మొదలుపెట్టాను. ఏ భాష అని అడిగింది, ఏ దేశం అని అడిగింది, కీబోర్డు ఎలాంటిదని అడిగింది, నెట్ లేదు కనక ఇప్పుడు టైమెంతో కూడా నన్నే చెప్పమంది. పెళ్ళిచూపుల్లో జవాబులు చెప్పినట్టు అన్నింటికీ చకచకా చెప్పేశాను. అరగంటలో నల్ల తెర, దాని మీద తెల్లటి గీత ఆగి ఆగి వెలుగుతూ, నేనేం చెబుతానా అని కాచుకుని కూర్చుంది. ఆ గీతని చూస్తే నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళూ బొమ్మల మీద నొక్కి బతికినదాన్ని, ఇప్పుడు దానితో నేరుగా మాటలు.

తర్వాత మూడు రోజులు చుట్టాల మర్యాదలే. ప్రోగ్రామ్‌ని కంపైల్ చేయమంటే ఫలానా లైబ్రరీ, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన లెక్కల మూట, లేదనేది. అది తెచ్చి పెడితే, దానికి తోడు ఇంకోటి కావాలనేది. పెళ్ళికి పిలిచిన చుట్టం తనతో ఇంకో నలుగురిని తెచ్చినట్టు, ఒక్కో లైబ్రరీ వెనకా ఒక సంసారం. ఒకటి మరీ కొత్తదైతే సార్ పాత ఫోర్ట్రాన్‌కి నచ్చేది కాదు, మరీ పాతదైతే లైనక్స్‌కి నచ్చేది కాదు. ఇద్దరికీ మధ్య నేను పెళ్ళిళ్ళ పేరయ్యని. శనివారం మధ్యాహ్నం మొదటిసారి చివరిదాకా తప్పు లేకుండా కంపైల్ అయింది. తెర మీద అక్షరాలు జలజలా పారి, ఆగి, మళ్ళీ ఆ తెల్ల గీత వచ్చింది. నేను కుర్చీలోంచి లేచి గట్టిగా అరిచాను. కిటికీలో పావురాలు ఎగిరిపోయాయి, పక్క గదిలోంచి సార్ పరిగెత్తుకొచ్చారు.

"ఏటయింది? షాకు గాని కొట్టినాదా?"

"అయింది సార్. కంపైల్ అయింది."

సార్ తెర దగ్గరికి వంగి, ఏమీ లేని ఆ నల్లటి చోటుని చాలాసేపు చూశారు. ఆయన రాసింది ప్రాణం పోసుకుని ఎదురుగా కూర్చుంది మరి. ఆ రోజు సార్ తన డబ్బాలోంచి నాకు రెండు పూతరేకులు పెట్టారు. ఎవరికీ పెట్టరు ఆయన.

పరీక్ష లెక్క నడిపితే మూడు నిమిషాల్లో జవాబు వచ్చింది. వాళ్ళిచ్చిన జవాబు పక్కన పెట్టి చూస్తే మూడో దశాంశం దగ్గర దారి తప్పింది. అంటే ప్రోగ్రామ్‌లో ఎక్కడో చిన్న తప్పుంది. చిన్నదే, కానీ ఎక్కడ? నూట ముప్ఫై ఫైళ్ళు. నేను మాత్రం బెదరలేదు. సోమవారం పొద్దున్నే అన్ని ఫైళ్ళూ ఇంకోసారి మొదటి నుంచి కంపైల్ చేసుకుని, ఆ వెంటనే వేట మొదలుపెట్టాను.

ఇక్కడ నా పని పద్ధతి కొంచెం చెప్పాలి. ప్రోగ్రామ్‌ని నా ల్యాప్‌టాప్‌లో దిద్దేదాన్ని. దిద్దిన ఫైళ్ళని తీగతో పెద్ద కంప్యూటర్‌లోకి పంపేదాన్ని, ఏ ఫైలు ఎప్పుడు దిద్దానో ఆ గంటా నిమిషమూ చెరిగిపోకుండా. అక్కడ మేక్ అని ఒక చిన్న పనివాడుంటాడు. ఒక్క అక్షరం మార్చిన పాపానికి నూట ముప్ఫై ఫైళ్ళూ మళ్ళీ కంపైల్ చేస్తే నలభై నిమిషాలు. మేక్ అలా చేయడు. ప్రతి ఫైలు దగ్గరా ఒకటే చూస్తాడు. నువ్వు దీన్ని దిద్దింది ఎప్పుడు, నేను దీన్ని కంపైల్ చేసింది ఎప్పుడు? దిద్దింది తర్వాతైతే మళ్ళీ కంపైల్ చేస్తాడు. ముందైతే, నా పని అయిపోయిందనుకుని ఊరుకుంటాడు. చేసిందీ ఊరుకున్నదీ తెర మీద చెబుతూనే ఉంటాడు గానీ, ఆ సొద నాకు విసుగొచ్చి కనపడకుండా చేసేశాను. ఒక్క మీట నొక్కితే కంపైల్ చేయడం, లెక్క నడపడం, జవాబు చూపించడం వరసగా అయిపోయేలా పెట్టుకున్నాను. తొందర మనిషికి ఇంతకంటే సుఖం ఏముంటుంది.

సోమవారం దిద్దాను. నొక్కాను. అదే తప్పు జవాబు. ఇంకోచోట దిద్దాను. అదే. మూడోచోట దిద్దాను. ఒక్క అంకె కదలలేదు. మధ్యాహ్నం సార్‌తో గొడవపడి, కిందకి పోయి టీ తాగి, తిరిగొచ్చి ఇంకోటి మార్చి నొక్కితే జవాబు మారింది. తప్పే, కానీ మారింది. హమ్మయ్య దారి దొరికిందనుకుని గబగబా దానిమీద ఇంకోటి దిద్దితే మళ్ళీ రాయిలా కూర్చుంది. మంగళవారం అంతే. బుధవారం అంతే. ఒక పూట మార్పు వినేది, ఒక పూట వినేది కాదు. ఎప్పుడు వింటుందో ఎందుకు వినదో అంతు చిక్కేది కాదు.

నేను అందరి మీదా పడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు మొదట కరెంటుని తిట్టాను. తర్వాత, పొద్దున్న ఊడుస్తూ చీపురుతో తీగ కదిపిందని అప్ప మీద అరిచాను. ఇకమీదట కంప్యూటర్ ఉన్న పక్కకి రావద్దన్నాను. అప్ప నా వైపు చూసింది, కొంగు దోపుకుంది, చీపురు తలుపు వెనక పెట్టేసింది. సాయంత్రం టీ తెచ్చినప్పుడు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది.

"అమ్మా, ఒక మాట సెప్తాను, కోప్పడకు. నువ్వు కోపంగా గబగబా కొట్టినప్పుడు అది ఆడదు. నువ్వు కిందకెళ్ళి టీ తాగొచ్చి కొట్టినప్పుడు ఆడతాది. మూడ్రోజులై సూస్తన్నాను."

"అయితే దానికి కూడా ఒక గ్లాసు టీ పొయ్యి," అన్నాను.

"నాకేటి తెలుసు. సూసింది సెప్పినాను," అని గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

చదువుకున్నదాన్ని కదా, నవ్వుకున్నాను. ఆ మాటని సార్‌కి చెప్పి ఆయన్నీ నవ్వించాను. మూడు రోజులు కళ్ళతో చూసి చెప్పిన ఒకే ఒక్క మనిషి మాటని ఇద్దరు పరిశోధకులం కూర్చుని నవ్వాం.

బుధవారం ఇంటికెళ్ళేసరికి నా మొహం చూసి నాన్న తక్కెడ దించాడు.

"ఒసే, ఏటే అలాగున్నావు? ఎవులేటన్నారు?"

"కంప్యూటర్ నా మాట వినట్లేదు నాన్నా."

"నువ్వెవులి మాట విన్నావని అది నీ మాట వింటాది?" అని బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. ఓదార్పు మా ఇంట్లో ఈ రకంగానే ఉంటుంది.

గురువారం సార్ నన్ను ఆ లెక్కలోంచి లేపేశారు. "ఈ సంగతి నేను సూస్తాను, నువ్వు మెయిల్ సంగతి సూడు. రేపు జవాబు దొరికినా పంపించడానికి దారుండాలి కదా," అన్నారు. మెయిల్ ఎంతసేపు, అరగంట పని అని నేను వారమంతా పక్కన పెట్టేశాను. అడుసులో కాలు వేశాక గాని లోతు తెలియలేదు. కళాశాల సర్వర్ పేరు రాయాలి, పోర్టు సంఖ్య రాయాలి, దాని వాడుకరి పేరూ పాస్‌వర్డూ వేరే ఫైల్లో దాచాలి, ఆ ఫైలుని ఇంకెవరూ చదవకూడదని కట్టడి చేయాలి. ఒకటి తప్పితే ఉత్తరం బయటికి పోదు. పోలేదని కూడా చెప్పదు. లోపలే ఒక వరసలో నిలబడి ఉంటుంది. సాయంత్రానికి ఆ వరసలో నా ఉత్తరాలు పద్దెనిమిది, రేషను షాపు ముందు జనంలా నిలబడ్డాయి.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకెళ్ళి అడిగితే తేలింది, నేను తట్టేది పాత తలుపు. కొత్త పోర్టు సంఖ్య ఇచ్చారు. పాస్‌వర్డ్ కూడా మార్చారు. మధ్యాహ్నానికి అన్నీ మళ్ళీ రాశాను. అక్కడ సార్ వేట ఇంకా తెగలేదు. ఆయన రెండు వేళ్ళతో కొడతారు. కొట్టిన ప్రతి అక్షరాన్నీ పలకరించి గాని వదలరు. మూడు దాటింది. కనీసం మెయిల్ అయినా పోతే, తప్పు జవాబైనా పంపి కాళ్ళు పట్టుకోవచ్చని ఒక పిచ్చి ఆశ. సార్ వసారాలో కుర్చీ వేసుకుని ఫోను పట్టుకుని కూర్చున్నారు. నేను లోపలి నుంచి ఆయనకి ఒక్క ముక్క ఉత్తరం కొట్టాను. "సార్, ఇది అందిందా?"

తెల్ల గీత ఆగింది. వరస చూశాను. ఖాళీ. ఉత్తరం బయటికి పోయింది.

"వచ్చింది వచ్చింది," అని వసారాలోంచి సార్ గొంతు. నేను ఎగిరి గంతేశాను. ఆయన ఫోను ముక్కు దగ్గర పెట్టుకుని లోపలికొచ్చారు. "వచ్చింది గానీ ఏటమ్మా ఇది. మూడూ ముప్పయ్యారుకి రాసినట్టు ఉన్నాది. నా ఫోన్లో ఇప్పుడు మూడూ ఇరవయ్యారే. ఇంకా పది నిమిషాలు పోయాక రాయాల్సిన ఉత్తరం అప్పుడే ఎలాగొచ్చింది?"

"అది కొట్టు టైము సార్," అన్నాను.

నోట్లోంచి వచ్చేశాక గాని ఆ మాట నాకే వినపడలేదు. వినపడ్డాక ఎక్కడిదాన్ని అక్కడే నిలబడిపోయాను.

మా నాన్న కొట్టులో గోడగడియారం పది నిమిషాలు ముందుంటుంది. మా తాత పెట్టాడు. రైలెక్కేవాళ్ళు సరుకులకి వచ్చి మాటల్లో పడి బండి తప్పిపోతారని అలా పెట్టాడట. కొట్టు గడియారం అలా ఉంటే ఇంట్లోది కూడా అలాగే ఉండాలన్నాడు, లేకపోతే భోజనాల దగ్గర గొడవని. మా ఇంట్లో చేతిగడియారాలు, అలారాలు, దేవుడి గదిలోది, అన్నీ పది నిమిషాలు ముందే. అది కొట్టు టైము. అసలుది రైలు టైము. మాలో ఎవరైనా గడియారం చూస్తే మెదడు తనంతట తాను పది తీసేసుకుంటుంది. తీసేస్తున్నామని కూడా తెలియదు. లైనక్స్ ఎక్కించిన రోజు టైమెంతని అడిగితే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ గడియారానికైనా ఎలా పెట్టానో అలాగే పెట్టాను. తర్వాత నెట్ వచ్చినా, టైము చేత్తో పెట్టాం కదా అని అది దిద్దుకోలేదు. తెర మీద మూలన ఆ గంట వారమంతా నా కళ్ళ ముందే ఉంది. రోజుకి వందసార్లు చూశాను. వందసార్లూ పది తీసేసుకున్నాను. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

నా ల్యాప్‌టాప్ రైలు టైములో ఉంది. దానికి నెట్ నేర్పింది. పెద్ద కంప్యూటర్ కొట్టు టైములో ఉంది. నేను పదకొండింటికి కంపైల్ చేస్తే అది పదకొండూ పది అని రాసుకుంటుంది. వెంటనే ల్యాప్‌టాప్‌లో దిద్ది, పదకొండూ ఐదుకి పంపితే, మేక్ చూసి ఇది నేను కంపైల్ చేయకముందు దిద్దినదే కదా అని ఊరుకుంటాడు. పాత ప్రోగ్రామే మళ్ళీ నడుస్తుంది. పాత జవాబే వస్తుంది. పది నిమిషాలు దాటాక దిద్దితే మాత్రం వింటాడు.

కింద టీ బడ్డీకి దిగి, తాగి, మెట్లెక్కి వచ్చేసరికి పావుగంట పడుతుంది.

"అప్ప," అన్నాను పైకే. "సార్, అప్ప చెప్పింది అక్షరాలా నిజం."

సార్‌కి నేను సగం చెప్పేసరికే మిగతా సగం అర్థమైంది. ఆయన నవ్వలేదు. "అయితే సోమవారం నువ్వు మొట్టమొదట దిద్దింది ఏటి? అది నడిచిందా నడవలేదా?" అని అడిగారు.

నడవలేదు. ప్రోగ్రామ్‌లో ఒకచోట గురుత్వాకర్షణ విలువని కొద్ది దశాంశాలకే తెగిపోయే పొట్టి సంఖ్యగా రాసి ఉంటే, సోమవారం పొద్దున అన్నీ కంపైల్ చేసిన వెంటనే దాన్ని పొడుగు సంఖ్యగా మార్చాను. జవాబు మారలేదని కోపంతో దాన్ని తిరిగి మార్చేసి, వేరే చోట్ల పడి మూడు రోజులు దేవులాడాను. కంపైల్ కాని మార్పుని పనికిరాదని పారేశానన్నమాట.

గడియారం వెనక్కి తిప్పాను. సార్ చేసిన దిద్దుబాట్లూ నావీ పక్కన పెట్టి, అసలు ప్రోగ్రామ్‌లో సోమవారం నాటి ఆ ఒక్క మార్పూ చేశాను. కంపైల్ అయినవన్నీ తుడిచేశాను. మొదటి నుంచి మొదలుపెట్టాం. మూడూ నలభై. నలభై నిమిషాల పని. ఇద్దరం కుర్చీలు దగ్గరగా వేసుకుని కూర్చున్నాం. అక్షరాలు పారుతున్నాయి. ఒక్కో ఫైలు పేరు వచ్చినప్పుడల్లా, అది ఎప్పుడు రాశారో, ఏ వేసవిలో రాశారో సార్ నాకు చెబుతూ వచ్చారు. నాకు సగం వినపడలేదు. నా కళ్ళు తెర మూలన గంట మీదే ఉన్నాయి. అప్ప టీ తెచ్చి గుమ్మం దగ్గర నిలబడితే, లోపలికి లాక్కొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. క్షమించు అప్పా అన్నాను. "దానికేటిలే, ముందు అది ఆడతాదేమో సూడు," అంది.

నాలుగూ ఇరవైకి కంపైల్ అయింది. నాలుగూ ఇరవైమూడుకి జవాబు వచ్చింది. సార్ కాగితం మీద ఉన్న అంకెలు ఒక్కొక్కటే చదివారు, నేను తెర మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశాను. ఒకటో దశాంశం. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఐదోది సార్ చదివి, మళ్ళీ చదివారు. అదే అంకె. నేను ఎలా అరిచానో నాకు గుర్తు లేదు. అప్పని కావలించుకున్నానని మాత్రం గుర్తుంది, ఎందుకంటే నా చున్నీ నిండా టీ పడింది.

నాలుగున్నరకి మెయిల్ పోయింది. ఐదు నిమిషాల్లో అందినట్టు తిరుగు మెయిల్ వచ్చింది. వారం తిరిగేసరికి ఒప్పుకున్నామని ఇంకో మెయిల్. వాళ్ళ పెద్ద యంత్రం మీదకి ప్రోగ్రామ్‌ని ఎక్కించడం, అక్కడి లైబ్రరీలతో మళ్ళీ చుట్టరికాలు కలుపుకోవడం ఇంకో పదిరోజులు. నెలాఖరుకి రెండు రోజుల ముందు ఏటి లెక్కని ఆ యంత్రం వరసలో నిలబెట్టాను. లెక్క అవ్వగానే నాకు మెయిల్ కొట్టేలా, ఆ మెయిల్ చివర్లో ఏరు ఇసుక ఎంత, సముద్రం ఇసుక ఎంత రెండే రెండు అంకెలు ఉండేలా పెట్టాను. "ఏ వేళకొచ్చినా ఆ క్షణంలో నాకు సెప్పాలి," అన్నారు సార్.

నెలాఖరు రోజు కింద పెద్ద క్లాసులో సార్‌కి వీడ్కోలు సభ. పాత విద్యార్థులు ఎక్కడెక్కడి నుంచో వచ్చారు, బొబ్బిలి నుంచి, పాలకొండ నుంచి, విజయనగరం నుంచి. సగం మంది లెక్చరర్లు, కొందరు ఇంజనీర్లు. సార్ మెడలో పూలదండ, భుజాల మీద శాలువా. నేను రెండో వరసలో ఉన్నాను. నాలుగో ఆయన మాట్లాడుతుండగా నా ఫోను వణికింది.

తెరిచి కిందకి జరిపాను. రెండు అంకెలు చూశాను. ఏది ఏ అంకో తప్పు చదివానేమోనని మళ్ళీ చూశాను. మూడోసారి చూశాను. పదింట తొమ్మిది వంతులు సముద్రానిదే.

ఇంత కష్టపడి, ఆఖరి రోజు, అందరి ముందూ, ఆయన చేతిలో ఇది పెట్టాలా? రేపు చెబుదామనుకున్నాను. ఫోను ఒళ్ళో తిరగేసి పెట్టుకున్నాను. కానీ వేదిక మీద నుంచి సార్ నన్నే చూస్తున్నారు. చెయ్యి ఊపి రమ్మన్నారు. వెళ్ళక తప్పలేదు. ఆయన కుర్చీ పక్కన వంగాను.

"వచ్చిందా?"

"వచ్చింది సార్."

"సెప్పు."

"సముద్రందండి. పదింట తొమ్మిది వంతులు."

సార్ ఫోను తీసుకుని తానే చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన మొహం వైపు చూసే ధైర్యం లేక నేను పూలదండ వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఎంత బాగుందే," అన్నారు, నాకొక్కదానికే వినపడేలా.

మాట్లాడుతున్నాయన ముగించగానే సార్‌ని స్పందించమన్నారు. ఆయన మైకు దగ్గరికి వెళ్ళారు, అందరికీ నమస్కారం పెట్టారు. "నేనేదో రాసుకొచ్చాను, అదిప్పుడు చదవను," అన్నారు. "మీలో ఎంతమందికి ఏటి నోరు పాఠం నేను సెప్పాను? సేతులెత్తండి."

దాదాపు అందరూ ఎత్తారు. నవ్వులు.

"అది తప్పు. ఇప్పుడే మెయిల్ వచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. సార్ శాలువా తీసి కుర్చీ మీద వేశారు, దండ మాత్రం మర్చిపోయారు. నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, దాని మీద రంగు సుద్దలతో రాసిన తన పేరునీ శుభాకాంక్షలనీ చేత్తోనే తుడిచేశారు. ఏరు గీశారు. సముద్రం గీశారు. సముద్రం వైపు నుంచి ఒక పెద్ద బాణం గీసి మా వైపు తిరిగారు. ఆయన చేతి నిండా రంగు, కళ్ళలో నీళ్ళు, మొహం నిండా నవ్వు.

"నోట్సులో పాతది కొట్టీండి. ఇది రాసుకోండి. లెక్క ఎలాగొచ్చిందో ఆ అమ్మాయి సెప్తాది," అని సుద్దముక్క నా చేతికిచ్చారు.

నేను మెట్టెక్కి బల్ల ముందు నిలబడి వెనక్కి తిరిగేసరికి, మొదటి వరసలో నెరిసిన జుట్టు పెద్దమనిషి ఒకాయన, ఆహ్వాన పత్రిక తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, పక్కాయన్ని పెన్ను అడుగుతున్నాడు.